పేర్రాజు గారి మూడు చక్రాల బండి కవరు

నేను ఒక బండి కవర్ని. కవరు కథ ఏం చదువుతాంలే అని పేజీ తిప్పేయకండి. బజారులో మడతలు పెట్టి తాడుకు వేలాడదీసి, ఏ మోటారు సైకిలుకైనా తొడిగేసుకోండని అమ్మే సరుకును కాను. బట్ట ఎంచి, కొలతలు తీసి కుట్టించిన దాన్ని. కాకినాడ జగన్నాథపురంలో పేర్రాజు గారి మూడు చక్రాల మోటారు బండిలాంటిది ఆ పేటలో ఇంకొకటి లేదు. కాబట్టి నాలాంటి కవరూ లేదు. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం గొప్పకే అనుకోండి.

పేర్రాజు గారికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చంకకర్రల మీద నడుస్తారు. చేసే పని మాత్రం కబడ్డీ పోటీలకు మైకులో వ్యాఖ్యానం. తాను నిలబడలేని మనిషి, గొంతుతో పద్నాలుగు మందిని పరిగెత్తించి, చూసేవాళ్ళను కూడా లేచి నిలబడేలా చేస్తారు. ఒకప్పుడు పోటీలకు వెళ్ళాలంటే ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని వెళ్ళేవారట. ఆ ఎవరో దొరక్కపోతే పోటీ లేదు, పేర్రాజు గారూ లేరు. అందుకని సొంత సంపాదనతో మోటారు సైకిలు కొని, వెనక చక్రం తీయించి రెండు చక్రాలు వేయించారు. గేరూ బ్రేకూ చేతికి అందేలా పెట్టించారు. వెనక మైకు సామానుకి ఒక పెట్టె. మొదటి రోజు ఆ బండి మీద ఊరంతా తిరిగి, పెట్రోలు అయిపోయి, నవ్వుతూ ఇంటికి ఫోను చేశారట. అప్పటికి నేను పుట్టలేదు లెండి.

నేను పుట్టడానికి కారణం ఆయన భార్య మంగతాయారు గారు. ఆవిడకు వస్తువు కంటే దాని మీద కప్పేది ముఖ్యం. టీవీకి కుచ్చుల తెర, రిమోటుకు ప్లాస్టిక్ సంచి, ఫ్రిజ్ పిడికి చిన్న గౌను. మిక్సీ కవరు మాసిపోతుందని దాని మీద తువ్వాలు కప్పిన ఇల్లాలు ఆవిడ. అలాంటి ఇంట్లో బండి మాత్రం ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడి ఉంటే ఆవిడకు నిద్ర పడుతుందా? పైగా సముద్రపు గాలి, ఉప్పు, వాన. సీటు మీద పక్కింటి పిల్లి కాపురం.

కవరు కుట్టిద్దామని బయల్దేరిన రోజున పేర్రాజు గారు కూడా చొక్కా తొడుక్కుని సిద్ధమయ్యారు. ఎండలో మీకెందుకండీ, మేం చూసుకుంటాం కదా అన్నారు మంగతాయారు గారు. ఆవిడ తమ్ముడు సూరిబాబు పక్క వాటాలోనే ఉంటాడు. బావంటే ప్రాణం. బావ కాలు కింద పెట్టకుండా చూసుకోవాలని అతని ఆశ. అతనూ అదే మాట అని, బండి తనే తోలుకుంటూ అక్కను వెనక ఎక్కించుకుని మస్తాన్ గారి సీట్ల దుకాణానికి వెళ్ళాడు. బండి ఎవరిదో ఆయన ఒక్కరే అరుగు మీద కూర్చున్నారు.

దుకాణంలో నా ఎంపిక పెళ్ళిచూపులను మించిపోయింది. మందపాటి ప్లాస్టిక్ చూపిస్తే, లోపల చెమ్మ పట్టి ఇనుము తుప్పెక్కుతుందని మస్తాన్ గారే వద్దన్నారు. పల్చటి గుడ్డ ఒక్క వానకే తడిసి ముద్దవుతుంది. చివరికి నీళ్ళు జారిపోయే పూతా, లోపల మెత్తటి అస్తరూ ఉన్న నన్ను తానులోంచి లాగారు. గాలి ఆడటానికి రెండు పక్కలా కిటికీలు పెడతామన్నారు. రంగు దగ్గర అక్కకూ తమ్ముడికీ మాట పెరిగింది. ఆవిడకు మెరూన్ కావాలి, అతనికి నలుపు కావాలి. దుకాణంలో ఉన్నది నీలం కాబట్టి నేను నీలం. కింద కుచ్చులు పెట్టమని ఆవిడ అడిగినప్పుడు మస్తాన్ గారు కత్తెర కింద పెట్టి, కాసేపు బయటికి వెళ్ళి టీ తాగి వచ్చారు. పసుపు అంచుతో రాజీ కుదిరింది.

సూరిబాబుకు మాత్రం ఒక్కటే పట్టుదల. తుపానొస్తే బండి ఎగిరిపోవాలి గాని కవరు ఎగరకూడదన్నాడు. అందుకని నా అంచులకు తాళ్ళు కుట్టించి, అవి బండి కిందనుంచి దూరి అవతలి పక్క ముడి పడేలా చేయించాడు. అద్దాలు కొలిచారు, సీటు కొలిచారు, పెట్టె కొలిచారు, చక్రాల మధ్య జాగా కూడా కొలిచారు. ఇంక కొలవాల్సింది ఏమీ లేదని అందరం అనుకున్నాం.

ఇంటికొచ్చాక పేర్రాజు గారు నన్ను చేత్తో నిమిరి, కర్రల మీద బండి చుట్టూ ఒకసారి తిరిగారు. కింద ముడుల వైపు కాసేపు చూశారు. బాగుంది అన్నారు. అందరూ అంత ముచ్చటపడుతుంటే ఇంకేమంటారు పాపం.

వానలు వచ్చాయి. లోపల ఒక్క చుక్క పడితే ఒట్టు. పిల్లి నా మీద కాలు పెట్టి జారిపోయి, నలుగురూ చూశారేమోనని అటూ ఇటూ చూసుకుని వెళ్ళిపోయింది. నాకు గర్వంగా ఉండేది. కాని ఒక చిక్కు మొదలైంది. నా ముడులు విప్పాలంటే గొంతుకు కూర్చోవాలి. చంకకర్రల మనిషి గొంతుకు కూర్చోలేడు. బయటికి వెళ్ళాలనుకున్నప్పుడల్లా ఆయన సూరిబాబును పిలవాలి. అతను అన్నం మధ్యలోంచైనా లేచి వస్తాడు. కాని ముడి మీద చెయ్యి వేసే ముందు ఎక్కడికి బావా, పనేంటి అని అడుగుతాడు. క్షవరం అంటే మంగలినే ఇంటికి తీసుకొస్తానంటాడు. టీ అంటే నేను తెస్తాగా అంటాడు. తెస్తాడు కూడా. పని ఫలానా అని చెప్పలేనప్పుడు పేర్రాజు గారు ఏం లేదులే అనేసి మళ్ళీ అరుగు ఎక్కేవారు. అలా అలా పోటీలున్న రోజున తప్ప బండి కదలడం మానేసింది. నాకు చేతినిండా పని దొరికిందని సంతోషించాను. కవరు బుద్ధి, ఏం చేస్తాం!

తాళ్ళరేవులో ఫైనల్స్ ఉన్న రోజున సూరిబాబు సామర్లకోటలో ఒక నిశ్చితార్థానికి వెళ్ళి చిక్కుకుపోయాడు. మంగతాయారు గారు డ్వాక్రా మీటింగుకు వెళ్ళారు. తాళ్ళరేవు నుంచి ఫోను మీద ఫోను. పేర్రాజు గారు కర్రలు గోడకు ఆనించి, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద కూర్చున్నారు. చేతుల మీద జరుగుతూ వచ్చి మొదటి ముడిని పళ్ళతో లాగి విప్పారు. వానకు తడిసిన తాడు బిగిసి రాయిలా ఉంది. రెండోది బండి కిందకు ఉంది. పక్కకు పడుకుని చెయ్యి చాపారు, అందలేదు. ఆయన ముఖం అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. ఓడిపోయిన జట్టును మైకులో ఓదార్చే మనిషి కళ్ళనిండా నీళ్ళు. నాకు సిగ్గేసింది. వానను ఆపాను, పిల్లిని ఆపాను, ఈయన్ను కూడా నేనే ఆపుతున్నానని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఆయన చేతుల మీదే ఇంట్లోకి వెళ్ళి కత్తెర తెచ్చారు. తాళ్ళు కోశారు. అంతటితో ఆగలేదు, కోపం కొద్దీ నన్ను కింది అంచు నుంచి హ్యాండిల్ దాకా చీల్చేశారు. సరిగ్గా అప్పుడే మంగతాయారు గారు గేటు తీసుకుని వచ్చారు.

"అయ్యో, అదేంటండీ! నాకొక్క ఫోను చేత్తే పరిగెత్తుకు రానా?"

"వత్తావు తాయారూ. నువ్వూ వత్తావు, సూరీ వత్తాడు. అదే నా బాధ. ఇదివరకు ఎక్కించుకోండి బాబూ అని బతిమాలేవోణ్ణి. ఇప్పుడు ముడి ఇప్పండి బాబూ అని బతిమాలుతున్నాను. మరి ఈ బండెందుకు కొన్నట్టు?"

ఆయన మట్టి చొక్కాతోనే బండెక్కి వెళ్ళారు. మొదటి సగం ఎవరో కుర్రాడు మైకు పట్టుకున్నాడనీ, రెండో సగం ఈయన అందుకున్నారనీ తర్వాత తెలిసింది.

ఆవిడ నన్ను ఒళ్ళో వేసుకుని మెట్టు మీద కూర్చున్నారు. సూదిలోకి దారం ఎక్కించారు. ఎక్కించి, మళ్ళీ తీసేశారు. ఆయన తిరిగొచ్చాక దిగనివ్వలేదు. నన్ను చిరుగుతో సహా ఆయన చుట్టూ బండి మీద పరిచి, జాకెట్లు కొలిచే టేపు తెచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"చెయ్యి చాపండి. ఎందాకా అందుద్దో చూద్దాం."

ముందుకు చాపించారు, వెనక్కి చాపించారు, పక్కలకు చాపించారు. అందిన చోటల్లా సుద్దతో నా మీద గీత గీశారు. అప్పుడే వచ్చిన సూరిబాబు నా చిరుగు చూసి ఎవడో దొంగ పని అనుకుని, ఈసారి గొలుసు పెట్టి తాళం వేద్దాం అక్కా అన్నాడు. అక్క చూసిన చూపుకు బస్సు బడలిక గుర్తొచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మస్తాన్ గారి దుకాణం. ఈసారి బండి తోలింది పేర్రాజు గారే. తాళ్ళు పోయి అంచుకు ఎలాస్టిక్ వచ్చింది. చిరిగిన చోటే పెద్ద జిప్పు, దానికి ఆయన వేలు దూరేంత రింగు. కర్రల మీద నిలబడి జిప్పు లాగి, సీటెక్కి, మిగతా నన్ను రెండు చేతులా దగ్గరికి లాక్కుని వెనక పెట్టెలో కుక్కేయొచ్చు. నా అందం పోయిందనే చెప్పాలి. గాలి వీస్తే ఉబ్బుతాను. పిల్లి జిప్పు సందులోంచి దర్జాగా లోపలికి వెళ్తోంది.

కొన్నాళ్ళకు, ఏ పోటీ లేని ఒక సాయంత్రం పేర్రాజు గారు జిప్పు లాగారు. బండి చప్పుడుకు మంగతాయారు గారు పిండి చేతులతో బయటికొచ్చి, ఎక్కడికి అనబోయి ఆగిపోయారు. నా అంచు ఒకటి పెట్టె బయటికి వేలాడుతోంది కాబట్టి దారంతా చూశాను. బీచి రోడ్డు మీద ఒక చోట బండి ఆపి, దిగకుండానే వేయించిన వేరుశనక్కాయలు కొనుక్కున్నారు. పడవలు చూస్తూ ఒక్కొక్కటీ వొలుచుకు తిన్నారు. పొట్లం అయిపోయాక ఇంటికి తిప్పారు.

గేటు దగ్గర సూరిబాబు కంగారుగా నిలబడి ఉన్నాడు. చెబితే తనే వెళ్ళేవాడు కదా, అంత పనేం పడిందని అడిగాడు. పేర్రాజు గారు నోరు విప్పేలోపే మంగతాయారు గారు అరుగు మీదనుంచి, నాలుగిళ్ళకూ వినపడేలా చెప్పారు.

"పనేం లేదురా. మీ బావ ఊరికే ఎల్లొచ్చారు."