బోర్డు వెనక పలక

ఉషారాణికి చర్లలో కొత్తగా పెట్టిన బడిలో పదింటికి డెమో క్లాసు. ఒక్క ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థాలన్నీ, పుట్టుకతో సహా, పావుగంటలో చెప్పాలి. ఆమె ‘బోర్డు’ తీసుకుంది. ఇదివరకు రెండు బళ్లలో డెమో ఇస్తే రెండుచోట్లా "కబురు చేస్తాం" అన్నారు. ఆ కబుర్లు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఇదీ పోతే మళ్లీ ఉద్యోగం ఊసెత్తనని మొగుడు కోటేష్‌కు తానే మాటిచ్చింది.

ఎనిమిదింటికి చూస్తే నోట్సు కాయితాలు నాలుగూ లేవు.

"అత్తా, ఈడ బల్ల మీద కాయితాలు పెట్టిన. చూసినవా?"

బీడీల తునికాకు కట్టలు కడుతున్న చాంది తలెత్తలేదు. "బల్ల మీద ఆకులే ఉండె. అన్నీ కట్టిన. కోటేష్ కల్లానికి ఏసుకపోయిండు."

ఆకు సీజన్ వచ్చిందంటే చాంది చేతికి పల్చగా తగిలినదల్లా కట్టలోకే. పోయినేడు ఒక పెండ్లి పత్రిక అట్లాగే వెళ్లింది. ఆ పెండ్లికి వీళ్లింట్లో ఎవరూ వెళ్లలేదు.

ఆకు ఎండబెట్టే కల్లం బడి దారిలోనే. ఉష ఆటో దిగి చూసింది. నేల కనపడకుండా ఎండబెట్టిన కట్టలు.

"ఏ కట్టనో చెప్పు, ఇప్పుత," అన్నాడు కోటేష్, నిజంగానే.

ఉష టైము చూసుకుని మళ్లీ ఆటో ఎక్కింది.

క్లాసులో డెమో కోసం సెలవుల్లో పిలిపించిన పిల్లలు, వాళ్ల వెనక కరెస్పాండెంట్ వెంకటప్పయ్య గారు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఉషకు చూసి చదవడానికేమీ లేదు. చేతులకు పని కావాలి కదా అని, ఖాళీ బెంచీని పిల్లల ముందుకు లాగింది.

"ఏందిది?"

"బెంచి, టీచర్!"

"ముందుగాల ఇది చెక్క పలక. పాత ఇంగ్లీషుల బోర్డంటే గంతే. దాని మీద అన్నం పెట్టిన్రు, తినే బల్ల అయింది. దినాం ఆడ తినే తిండిని గూడ బోర్డే అన్నరు. అందుకే తిండిపెట్టి ఉంచుకునే బడి బోర్డింగ్ అయింది. అదే బల్ల చుట్టూ పెద్దమనుషులు కూసోని తగువులు తెంపిన్రు. వాళ్లూ బోర్డే."

పిల్లలు నవ్వారు. పెన్ను ఆగింది.

"మరి బస్సు బోర్డు చేసుడేంది?" అన్నారు వెంకటప్పయ్య గారు. "బస్సుల పలకేదమ్మా?"

అది మూడో కాయితంలోది.

"బస్సుల లేదు సార్. ఓడల ఉంది. ఓడ పక్కగోడ పలకలే. అది దాటి లోపలికి పోవుడే బోర్డు చేసుడు. ఓడ మాటనే బస్సు తెచ్చుకుంది."

ఆయన పెన్నుకు మూత పెట్టారు. "ఇప్పటిదాంక వచ్చినోళ్లందరు కాయితం మొఖమే చూసిన్రు. పిల్లల మొఖం చూసింది నువ్వొక్కదానివే. జూన్ల బడి తెరిచిననాడు వచ్చి చేరమ్మా."

"సరే సార్," అంది. ఇంకో మాటంటే ఏడుపొచ్చేట్టుంది.

గేటు బయట బండి దగ్గర నిలబడే నాలుగు మిరపకాయ బజ్జీలు తినేసింది. అయిదోది కొరికాక గుర్తొచ్చింది, ఏ క్లాసుకో అడగనే లేదని. అడగొచ్చు. జూన్ దాకా బోలెడు టైముంది.