మనిషి చెయ్యి పడని గుంట

కంపెనీ పెద్దలారా, పెంచలకృష్ణను నెత్తిన పెట్టుకున్నదీ మీరే, కిందికి తోసిందీ మీరే, ఇప్పుడు మళ్లీ కారు పంపిందీ మీరే. మూడింటికీ మీ దగ్గర కాగితాలున్నాయి. గుంట కాపలా కాసే హజరత్తయ్య నోటి కాడ కూడు లాగేసినందుకు మాత్రం కాగితం లేదు. అదీ ఇప్పుడు తయారు చేయిద్దామని వచ్చారు, పెంచలకృష్ణ సంతకంతో!

రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య చస్తుంది. తగ్గిన సంగతి పసిగట్టే గొట్టమొకటి నీళ్లలో వేలాడదీసి, యజమాని ఫోనుకు గంట కొట్టి, నీళ్లు చిలికే ఏరియేటర్లను తనంతట తానే తిప్పే యంత్రాన్ని పెంచలకృష్ణ చేశాడు. బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. ‘మనిషి చెయ్యి పడని గుంట’ అని దానికి పేరు పెట్టాడు. స్విచ్చుల పెట్టెకు తాళం వేయించాడు. ఆ తాళం యజమాని ఫోను నుంచి తప్ప తెరుచుకోదు. మీ కంపెనీ దాన్ని ఊరూరా అమ్మి, అతణ్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టింది. పేపర్లన్నీ ఫొటోలు వేశాయి.

రెండేళ్ల కిందట, ముసురు పట్టిన వారంలో, నెల్లూరులో ఉండే పద్మనాభయ్య గుంటలో రొయ్యలన్నీ ఒక్క పొద్దులో చచ్చి తేలాయి. ఆయన ఫోను తెర మీద మాత్రం అంతా పచ్చగానే ఉంది. వారం తిరక్కుండా కంపెనీ పెంచలకృష్ణను కుర్చీలోంచి లేపేసింది.

అప్పటినుంచి మైపాడులో పడవల ఇంజన్లు బాగు చేస్తున్నాడు. ఇంజన్ చెడితే ఎందుకు చెడిందో విప్పి చూస్తే తెలుస్తుంది. తన యంత్రం ఎందుకు చెడిందో ఎన్నిసార్లు విప్పినా తెలియలేదు.

ఆ వేళ మధ్యాహ్నం, ఇప్పుడు కంపెనీ నడుపుతున్న వినీల కంపెనీ కారులో వచ్చింది. షెడ్డులో నూనె మరకలు లేని స్టూలు వెతుక్కుని కూర్చుంది.

“కృష్ణగారూ, కారణం దొరికింది. అప్పటి ఫొటో ఒకటి బయటపడింది. కాపలా మనిషి హజరత్తయ్య గొట్టాన్ని, ఎప్పుడూ తిరిగే ఏరియేటర్ పక్కకు మార్చి కట్టాడు. అక్కడ ఎప్పుడూ నురగే కదా, ఆక్సిజన్ బాగున్నట్టే చూపించింది. మిగతా ఏరియేటర్లు తిరగలేదు. తప్పు యంత్రానిది కాదు, మీదీ కాదు.”

“మార్చి ఎందుకు కట్టాడు?”

“చదువులేని మనిషి. ఎందుకని ఎవరికి తెలుసు? ఈ రిపోర్టు మీద సంతకం పెట్టండి, సోమవారం మీ కుర్చీలో కూర్చోండి.”

రెండేళ్ల బరువు దిగినట్టే ఉంది. అయినా అది సంతోషమో భయమో పోల్చుకోలేక, “సాయంత్రం చెబుతాను” అన్నాడు.

హజరత్తయ్య దూరంలో లేడు. కాపలా సరిగా కాయలేదని గుంటల యజమానులందరికీ పద్మనాభయ్య చెప్పిపెట్టాక కాపలా పని ఎవరూ ఇవ్వలేదు. మైపాడు ఒడ్డునే, పదిమందితో కలిసి, సముద్రంలో వేసిన అలివి వల తాడు లాగుతున్నాడు.

“ఏంది సారూ, మీరు గూడా తాడు పట్టను వచ్చినారా? పట్టండి, కూరకు నాలుగు చేపలన్నా ఇస్తారు” అని నవ్వాడు.

“గొట్టం ఎందుకు మార్చినావు హజరత్తయ్యా?”

నవ్వు ఆగింది. తాడు మాత్రం వదల్లేదు.

“పాచి సారూ. రెండు దినాలకే పాచి పట్టేది. పాచి పడితే నీళ్లలో గాలి లేదని గంట. ఆ గంట నాకు కొడతాదా? నెల్లూరులో పద్మనాభయ్యకు కొడతాది. ఆయన నాకు ఫోన్ చేసి మా అమ్మను గూడా ఇడిచిపెట్టకుండా తిట్టేది. నురగ కాడైతే పాచి పట్టదని అక్కడ కట్టినా. గంట నిలిచిపోయింది. ఆయనకు సంతోషం, నాకు నిమ్మళం.”

“మాకు ఒక మాట చెప్పుంటే?”

“నాలుగు తూర్లు మీ ఆఫీసుకు ఫోన్ చేసినా. గొట్టం తుడవడం నేర్చుకో పెద్దాయనా అనింది ఫోనెత్తిన పాప.”

పెంచలకృష్ణకు గుర్తొచ్చింది. అట్లాంటి ఫిర్యాదులు వందల్లో వచ్చేవి. పేర్లు కూడా చూడకుండా అన్నిటికీ ‘శిక్షణ లోపం’ అని రాసి మూసేసింది తనే.

“ఆ పొద్దు రొయ్య ఒడ్డుకొచ్చి కొట్టుకుంటా ఉండాది సారూ. నాకు తెలవదా? ఏరియేటర్లు తిప్పుదామని పెట్టె కాడికి పోతే తాళం. పద్మనాభయ్యకు ఫోన్ చేసినా. తెర పచ్చగా ఉండాది గదరా, పొద్దన్నే తాగినావా అన్నాడు. తాళం పగలగొడదామని రాయి తీసినా. పగలగొడితే పని పోతాదని నిలబడినా. నిలబడినందుకు గూడా పోయింది.” హజరత్తయ్య గొంతు తగ్గించాడు. “ఇంతకీ ఎవురు చంపినట్టు సారూ? నేనేనా?”

పెంచలకృష్ణ మనసులో లెక్క వేసుకున్నాడు. గొట్టం మార్చింది ఇతనే, నిజం. తాళం తనది, అదీ నిజమే. తిట్టినవాడు, వినని ఆఫీసు... ఎటు తిప్పినా ఒక చెయ్యి తగులుతోంది. చెయ్యి పడని గుంటలో ఇన్ని చేతులా! ఏం చెయ్యాలో తోచక తాడు పట్టుకుని లాగాడు. ఇసుకలో కాళ్లు ఎక్కడ ఆనించాలో కూడా తెలియలేదు.

సాయంత్రం రిపోర్టులో కాపలాదారు తప్పు అన్న వాక్యం కొట్టేసి, కింద తన చేత్తో రాశాడు: ‘గొట్టం మార్చింది హజరత్తయ్య. మార్చక తప్పని గతి పట్టించింది నేను. రొయ్య చస్తోందని మనిషి చెబితే, మనిషిని కాదని తెరను నమ్మమని నేర్పిందీ నేనే.’ సంతకం పెట్టి, ఫొటో తీసి వినీలకు పంపాడు.

వెంటనే ఫోను మోగింది.

“మతి పోయిందా మీకు? ఇది చూపించి మిమ్మల్ని వెనక్కి ఎట్లా తెచ్చేది?”

“నాకూ తెలియడం లేదు. హజరత్తయ్య మీద నింద తీయందే మాత్రం రాను.”

“సరే, సోమవారం రండి. మీరు లేకుండా ఆ యంత్రం ఎవరికీ కొరుకుడు పడటం లేదు. ఆ నింద సంగతి తర్వాత చూద్దాం” అంది.

తను లేచాడో, మళ్లీ పడ్డాడో పెంచలకృష్ణకు అర్థం కాలేదు.

తర్వాత చూడటాలు కుదరవు. హజరత్తయ్య మీద రాసిన నింద ఈరోజే కొట్టేయండి. కొట్టేశామని పద్మనాభయ్యతో సహా గుంటల యజమానులందరికీ రాతలో పంపండి. పెట్టెల తాళాలు తీయండి. గట్టు మీద నిలబడేవాడి చేతికి స్విచ్చు ఇవ్వండి, గంట మొదట వాడికి కొట్టనివ్వండి. ఆ తర్వాతే పెంచలకృష్ణకు కుర్చీ వేయండి.