పడమటి కిటికీలు

కొడుకు కట్టిన బంగళాలో రామసుబ్బన్నకు ఊపిరాడలేదు. కూరెకుప్ప రోడ్డులో జగదీశ్ కట్టిన ఆ ఇంటికి నాలుగు వైపులా అద్దాలే. తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు, ఏసీ ఆగిందంటే మనిషి ఉడికిపోవాల్సిందే. గనుల నుంచి ఇనుప ఓర్ మోసే లారీలు తెచ్చిన డబ్బును ఊరందరికీ చూపించాలి కదా మరి! ముసలాయన ఉబ్బసంతో మంచం మీద కూర్చుని, "నన్ను చేన్లో యాడన్నా పడేయండప్పా, గాలన్నా వస్తాది" అని రోజూ పోరుపెట్టేవాడు.

చోరనూరు దగ్గరున్న చేన్లో ఆయనకో ఇల్లు గీసే పని కూతురు అనూష మీద పడింది. ఆర్కిటెక్చర్ చదివి బళ్లారిలో ఆఫీసు పెట్టుకున్న పిల్ల. లారీ ఓనర్లు ఇన్నాళ్లూ ఆమె చేత గీయించుకున్నవి గుమ్మటాలు, సింహాలు, ఎవరూ కూర్చోని బాల్కనీలు. ఈ ఎండల్లో ఇన్ని అద్దాలెందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాళ్లు. అందుకే తండ్రి ఇంటి మీద ప్రాణం పెట్టింది. ఆయన ఏ వైపు తిరిగి పడుకుంటాడో, దగ్గు తెర ముంచుకొచ్చినప్పుడు ఆనుకోవడానికి గోడ చేతికి ఎంత దగ్గరగా ఉండాలో అన్నీ చూసుకుంది. మందపాటి రాతిగోడలు, పైన మట్టి మిద్దె, వెలుతురు దిగడానికి మిద్దెలో గవాచి, పడమటి గోడకు వరసగా కిటికీలు. చిన్నప్పుడు ఆషాఢంలో తండ్రి పక్కన కలుపు తీస్తుంటే వీపుకు తగిలిన పడమటి గాలి చల్లదనం ఆమెకు ఇంకా గుర్తుంది.

అన్నీ అడిగింది, ఒక్కటి తప్ప. ఆ కిటికీలకు ఎదురుగా ఉన్న పడమటి చేను జగదీశ్ పేరున ఉంది. దాన్ని ఏం చేయబోతున్నావని మాత్రం అన్నను అడగలేదు. ఆస్తిలో నాకేమీ వద్దని పెళ్లినాడే ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ ఇళ్లలో ఆడబిడ్డ చేను మాటెత్తితే భాగానికొచ్చిందనే అనుకుంటారు. వదిన మూతి ముడుస్తుంది, అన్న పలకడం మానేస్తాడు. ఎందుకొచ్చిన గొడవ, ఎప్పటిలాగే జొన్న వేస్తారులే అని సరిపెట్టుకుంది.

కొత్త ఇంట్లో రామసుబ్బన్న కిటికీ పక్కన కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోయాడు. "మా పాపకు నా ఊపిరి తెలుసప్పా" అని మేస్త్రీ పంపన్న దగ్గర గొప్పలు పోయాడు. ఆ మాట విని అనూషకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సంతోషం ఆమె చదువు ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు.

జొన్న కోత కాగానే పడమటి చేన్లోకి బుల్డోజర్ దిగింది. చేను స్టాక్ యార్డు అయింది. లారీలు ఎర్రటి ఓర్ తెచ్చి గుట్టలు పోశాయి. ఆషాఢం గాలి లేచేసరికి కిటికీ గట్టు, నీళ్ల బిందె, ముసలాయన పంచె అన్నీ ఒకే ఎరుపు. ఆయన ఉమ్మినా ఎరుపే.

అనూష అన్న మీదికి పోయింది. "ఏందన్నా ఇది? నాయిన ఆడ పడుకుంటాడని తెలుసు గదా!"

"చైనావాళ్లు మన్ను గూడా కొంటాండారు, నేను జొన్నలేసుకోని కూచోవాల్నా? అగ్రిమెంటు అయిపోయిండాది" అని విసుక్కున్నాడు జగదీశ్. తర్వాత ఫోను పక్కన పెట్టి, నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "గీసేటప్పుడే నన్నొక మాట అడగొచ్చు గదమ్మా. అడిగింటే చెప్పనా నేను? తూర్పుకే కిటికీలు పెట్టుకునేదానివి."

ఆమె తిట్టిపోయడానికే వచ్చింది, తిట్లన్నీ తనకే తగిలాయి.

బంగళాకు పోదాం రమ్మంటే రామసుబ్బన్న మొండికేశాడు. "ఆ అద్దాల పెట్టెలోకి రాను. పోతే ఈడనే పోతా." ఇక చేసేదేముంది, దుమ్ము రాకుండా కిటికీలు పూడ్చడానికి పంపన్న ఇటుకలు తెచ్చాడు. గవాచిని బండతో మూశాడు. కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ మంచం దగ్గరికి వచ్చాడు.

"బేడమ్మా, వద్దు" అన్నాడు ముసలాయన. "ఆ ఒక్కటి వదిలిపెట్టు."

"సుమ్నె ఉండు నాయినా, మాట్లాడొద్దు. కాసేపు కండ్లు మూసుకో" అంది అనూష.

ఆయన కళ్లు మూసుకున్నాడు. పంపన్న తాపీ కింద పెట్టేశాడు. "నాకు చేతులాడ్డం లేదమ్మా" అని బయటికి పోయాడు. మిగిలిన ఇటుకలు అనూషే పేర్చింది, సిమెంటు తనే మెత్తింది. మిట్టమధ్యాహ్నం గది చీకటైపోయింది. తడుముకుంటూ వెళ్లి టేబుల్ ఫ్యాను వేసి తండ్రి ముఖానికి తిప్పింది.

చాలాసేపటికి ఆయన కదిలాడు. "పాపా, గాలి వస్తాండాది. కిటికీ తీసిండావా?"

"తీసిండా నాయినా."

రామసుబ్బన్న పడమటి వైపు చెయ్యి చాచాడు. ఆ చేతికి అందాలనే ఆమె గోడను అంత దగ్గరగా పెట్టింది. ఆయన వేళ్లు తడి సిమెంటును తాకి అక్కడే ఆగిపోయాయి.

"చల్లగా ఉండాది తల్లీ" అన్నాడు, చెయ్యి వెనక్కి తీసుకోకుండానే.