ముత్తవ్వ వాకిట్లో బోరింగు

మొండయ్య తన్నిన బిందె దొర్లుకుంటూ పోయి ముత్తవ్వ కాళ్ల ముందు ఆగింది. వరసలో నిలబడ్డ వాడకట్టు ఆడవాళ్లు ఒక్కరూ నోరెత్తలేదు.

వెల్గటూర్ పక్కన గోదావరి ఒడ్డున ఉన్న కూలీల వాడకట్టు అది. నల్లాలున్నాయి గానీ నీళ్లు రావు. ఊరి భూస్వామి పటేల్ మోటరే దిక్కు. నీళ్లు పట్టుకోవాలంటే ముందు అతని కొట్టంలో పేడ ఎత్తాలి. జ్వరంతో ఉన్న ముత్తవ్వ ఆరోజు ఎత్తలేదు. "తన్నురా ఆ బిందెను" అన్నాడు పటేల్. మోటరు నడిపే జీతగాడు మొండయ్య తన్నాడు. ముత్తవ్వ అతని పక్కింటి మనిషే.

ఇంటికి పోగానే బిడ్డ శ్రావణి అడిగింది.

"బాపూ, ముత్తవ్వ బిందె నువ్వే తన్నినవా?"

 మొండయ్య అన్నం కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు.

సాయంత్రం హఫీజా బేగం వాకిట్లో వాడకట్టు వాళ్లంతా కూడారు. ఆమె భర్త ఫక్రుద్దీన్ చేతిపంపు బోరింగులు రిపేరు చేస్తాడు.

"గోదారి పక్కనే ఉన్నం. కింద ఇసుకే. మనమే పైపు దించి బోరింగు పెట్టుకుందాం" అన్నాడు.

"పటేల్ ఊకుంటడా?" ఎవరో అన్నారు.

"ఏం జేస్తడు? అందరి బిందెలు తంతడా?" అంది హఫీజా.

"ఒక్క బిందె తన్నినప్పుడు మనమేం జేసినం?" అంది పొద్దున వరసలో ముత్తవ్వ వెనకాల నిలబడ్డ పోచమ్మ. తలలన్నీ వంగాయి.

అంతలో మొండయ్య వచ్చాడు.

"పటేల్ మనిషికి గీడేం పని?" పోచమ్మ అరిచింది.

"జీతం ఇడిసిపెట్టిన. మీ మాట ఇని, సమ్మెట కొడదామని అచ్చిన" అన్నాడు, ఎవరి మొఖమూ చూడలేక.

తెల్లవారి ముత్తవ్వ వాకిట్లో పని మొదలైంది. ఫక్రుద్దీన్ ఇనుప పైపు అడుగున బెజ్జాలు వేసి, ఇసుక రాకుండా సన్న కన్నాల ఇనుప జాలీ చుట్టి, మొన బిగించాడు. ఆడా మగా వంతులేసుకొని సమ్మెటతో దించారు. పైన బోరింగు బిగించి కొడితే ముందు బురద, తర్వాత తేటనీళ్లు. మొండయ్య చెంబు నింపి ముత్తవ్వకు అందించాడు.

"నీ చేతి నీళ్లు ఇంకా నా గొంతు దిగయిరా" అందామె.

మధ్యాహ్నం పటేల్ పోలీసు జీపుతో దిగాడు.

"పర్మిషన్ లేకుంట ఎవడు దించిండు?" ఎస్సై గద్దించాడు.

"నేనే" అన్నాడు మొండయ్య. అతన్ని రెక్క పట్టి జీపెక్కించారు. ఇంకో పోలీసు పైపు పీకబోయాడు. పోచమ్మ దాన్ని కావలించుకుంది. హఫీజా ఆమెను పట్టుకుంది. చూస్తూండగానే వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ గోడలా నిలబడ్డారు.

ముత్తవ్వ జీపుకు అడ్డం నిలబడింది.

"వాడొక్కడేంది? పైపు దిగింది నా వాకిట్ల. నన్ను గూడ ఎక్కియ్యుండ్రి!"

"నన్ను గూడ!" ఫక్రుద్దీన్ అరిచాడు. "నన్ను గూడ!" వాకిలంతా అరిచింది.

మొండయ్య రుమాలుతో మొఖం కప్పుకున్నాడు.

"తియ్యిరా అది. మనం దొంగలం గాదు" అంది ముత్తవ్వ.

రుమాలు తీశాడు గానీ తలెత్తలేకపోయాడు. పైపు పీకలేక పోలీసులు ముత్తవ్వను పక్కకు జరిపి జీపు కదిలించారు. బోరింగు దగ్గర ఆడవాళ్లు కాపలా కూచున్నారు. మిగతా వాడకట్టంతా జీపు వెనకాలే స్టేషన్ దాకా నడిచింది.