రెండు తూకపు రాళ్ళు

ముల్లు నాలుగు మీద నిలబడింది. వెంట్రుకవాసి అటూ లేదు, ఇటూ లేదు. కాటా పలక మీద ఉన్న రెండేసి కిలోల ఇనప రాళ్ళు రెంటినీ ఆమె ఎత్తి, చేతిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టింది. ముల్లు కాసేపు ఊగిసలాడి మళ్ళీ నాలుగు దగ్గరికే వచ్చి ఆగింది. కాటాలో ఏ లోపమూ లేదు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

కాటా సరిగ్గా ఉందంటే ఎవరైనా సంతోషిస్తారు. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆమే సంతోషించింది. ఈ ఆరు నెలల నుంచి మాత్రం రోజూ పొద్దున్నే, ఈ దిక్కుమాలిన కాటా ఒక్కసారైనా తప్పు చూపిస్తే బాగుండునని మనసులో మొక్కుకుంటోంది. రాళ్ళు దించి, ఆ చివర పొయ్యిలు వెలిగిస్తున్న వంటమాస్టరు ఇటు తిరగలేదని చూసుకుని, చెప్పులు విడిచి తనే పలక ఎక్కింది. నలభై నాలుగు. పోయిన నెల నలభై అయిదు. అంతకుముందు నెల నలభై ఆరు. నెలకో కిలో, ఎవరో వచ్చి కోసుకుపోతున్నట్టు.

ఆ వంటశాల మూడు భవనాలకు తిండి పెడుతుంది. ఒకదాంట్లో పిల్లలు, ఒకదాంట్లో కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చే తల్లులూ, మూడోదాంట్లో ముసలివాళ్ళు. వండేది వంటమాస్టరు. ఎవరికెంత వెళ్ళాలో తూచి పంపేది ఆమె. గరిటెలో పప్పు చార్టుకు మించి ఒక్క చుక్క ఉన్నా వెనక్కి వంచుతుంది, తగ్గితే మళ్ళీ ముంచుతుంది. అందుకే పిల్లలు ఆమెకు గ్రాములమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెద్దవాళ్ళకూ పాకి, చివరికి జీతాల గుమాస్తాకు కూడా అసలు పేరు తడుముకోవలసి వచ్చేది.

చార్టు ఆమె బల్లకు ఎదురుగా గోడ మీద ఉంటుంది. పొగచూరి, అంచులు నూనె పీల్చుకుని, గాజుపలక వెనక పసుపుపచ్చగా మారిపోయింది. అందులో మనిషి బతుకంతా గడులు గడులుగా గీసి ఉంది. ఆరు నెలల దాకా తల్లిపాలు, మరేమీ వద్దు. ఆరు నెలలు నిండాక మెత్తటి గుజ్జు, మొదట రెండు చెంచాలు. ఎదిగే పిల్లలకు పాలు, గుడ్డు. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు ఇనుము ఎక్కువ కావాలి కనుక ఆకుకూర రెట్టింపు. కడుపుతో ఉంటే మరికాస్త. పాలిచ్చే తల్లికి అందరికన్నా ఎక్కువ. అరవై దాటినవాళ్ళకు రొట్టె తక్కువ, పాలూ పప్పూ మాత్రం తగ్గకూడదు.

ఆమెకు ఆ చార్టు మీద ఉన్న గురి అంతా ఇంతా కాదు. దానికి కారణం ఉంది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లో ఒక తమ్ముడు పుట్టాడు. తల్లి ఒంట్లో పాలు లేవు. నీళ్ళల్లో ఇంత పిండి కలిపి పట్టారు. వాడు ఏడవడం కూడా మానేసి, కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని చూస్తూ చూస్తూ పోయాడు. ఎంత పెట్టాలో ఏం పెట్టాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వంటశాలలో చేరిన మొదటిరోజు ఆ చార్టు చదివి, గిన్నెలు తోమే చోట నిలబడి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంత సులువా అనిపించింది. ఇన్ని గ్రాములు పెడితే మనిషి పోడు.

అన్న కూతురు రెండేళ్ళ పిల్లగా తన దగ్గరికి వచ్చినప్పటి నుంచీ ఆ గడుల ప్రకారమే పెంచింది. ఆ పిల్ల ఒక్కో గడీ దాటుకుంటూ వచ్చి, ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళ గడిలో ఉంది. ఏడో నెల. మొగుడు లారీ మీద పదేసి రోజులు తిరిగే మనిషి కనుక మేనత్త దగ్గరే ఉంటోంది. ఈ పెద్దావిడకు ఇప్పుడున్న కోరిక ఒక్కటే. పుట్టబోయే బిడ్డకు ఆరు నెలలు నిండిన రోజున ఆ మొదటి రెండు చెంచాల గుజ్జూ తన చేత్తో తూచి పెట్టాలి. రెండు నెలలూ ఆరు నెలలూ ఎనిమిది. నలభై నాలుగులోంచి ఎనిమిది పోతే ముప్పై ఆరు. ముప్పై ఆరు కిలోల మనిషి చెంచా ఎత్తగలదా? బస్సులో కూర్చున్నా, పళ్ళు తోముకుంటున్నా ఇదే లెక్క. 

చార్టు తప్పడానికి వీల్లేదు. తనే తప్పుతోందేమో అనుకుంది. మొదట, ఎలాగూ దగ్గర పడుతోంది కదా అని, అరవై దాటినవాళ్ళ గడి ప్రకారం తు.చ. తప్పకుండా తింది. తగ్గింది. అరవై నిండటానికి ఇంకా నాలుగు నెలలున్నాయని వెనకటి గడిలోకి వెళ్ళి తింది. తగ్గింది. ఇక సిగ్గు విడిచి పాలిచ్చే తల్లి గడి ప్రకారం తినసాగింది. మూడు గ్లాసుల పాలు, రెండు గుడ్లు, ముద్ద మింగుడు పడకపోయినా నీళ్ళు తాగి లోపలికి తోసేది. ఒకరోజు ఆ పళ్ళెం చూసి వంటమాస్టరు నోరెళ్ళబెట్టాడు.

"ఏంటక్కా, కవలలా?"

"నోర్ముయ్యి."

నవ్వడానికి నవ్వింది కానీ, ఆ రాత్రి తిన్నదంతా కక్కుకుంది. ఈ మధ్యనే, పదిరోజుల కిందట, చార్టు గాజుపలక తుడుస్తుంటే పైన ఉన్న పెద్దక్షరాల వరుస మొదటిసారి కళ్ళకు ఆనింది. వేలసార్లు చూసిన వరుసే. 'ఆరోగ్యవంతులకు ప్రతిరోజూ అవసరమైన పోషకాలు' అని ఉంది. మొదటి మాట దగ్గర గుడ్డ ఆగిపోయింది. అక్కడే బస్తా మీద కూర్చుంది.

ఇవాళ పదకొండింటికి, పైన రెండో అంతస్తులో, వంటశాల మనుషులకు ఏటా జరిగే ఆరోగ్య పరీక్ష.  పోయిన ఏడాది ఇదే పరీక్షలో కూరగాయలు తరిగే ఆవిడను, బరువు బాగా తగ్గిందని, ఇంకో రెండు పరీక్షలు చేయిద్దామని పెద్దాసుపత్రికి పంపించారు. బస్సెక్కుతూ కూడా, "ఉల్లిపాయలు నేనొచ్చేదాకా ఉంచండి, ఆ పిల్లలు లావుగా తరుగుతారు" అని చెప్పి వెళ్ళింది. నెల తిరక్కుండా పోయింది. రోగం లోపల ఎన్నాళ్ళ నుంచో ఉందని డాక్టర్లన్నారు. గ్రాములమ్మ మాత్రం నమ్మలేదు. పేరు పెట్టి పిలిచాకే అది లేచి వచ్చిందని ఆమె నమ్మకం. పిలవకపోతే ఇంకొన్నాళ్ళు పడుకునే ఉండేది. ఎనిమిది నెలలు పడుకుంటే చాలు.

పిల్లల భవనానికి పాలు కొలిచి పంపేసరికి పదిన్నర అయింది. వంటమాస్టరు సామాను గదిలోకి వెళ్ళాడు. ఆమె కాటా పక్కనున్న రాళ్ళు రెండూ తీసింది. ఏప్రాన్‌కు లోపలివైపు, నడుము దగ్గర కుడికొకటి ఎడమకొకటి జేబులున్నాయి. అవి నిన్న సాయంత్రం బస్టాండులో కూర్చుని కుట్టుకున్నవి. రాళ్ళు వాటిలోకి జారాయి. చల్లగా తగిలాయి. ముప్పై తొమ్మిదేళ్ళలో ఒక్క గ్రాము దొంగ తూకం ఎరగని మనిషి, మొహం కందగడ్డలా చేసుకుని, నాలుగు కిలోలు ఒంటికి కట్టుకుని మెట్లెక్కింది. రెండో అంతస్తుకు మూడుచోట్ల ఆగింది.

నర్సు చిన్నపిల్ల. ముప్పై మందిని చూడాలి, మధ్యాహ్నం తర్వాత మరో భవనం ఉంది. వంటశాల వాళ్ళు ఏప్రాన్లతోనే వరుసలో నిలబడ్డారు. "చెప్పులు మాత్రం విడవండమ్మా" అంటూ కాగితం మీంచి తలెత్తకుండా చెప్పింది.

గ్రాములమ్మ పలక ఎక్కింది. ఊపిరి బిగబట్టింది, ఊపిరి బిగబడితే బరువు పెరుగుతుందన్నట్టు.

"నలభై ఎనిమిది. పోయినేడు యాభై. రెండు కిలోలేగా, ఈ వయసులో మంచిదేనమ్మా, మోకాళ్ళకి తేలిక. ఆకలి బాగానే అవుతోందా?"

"అవుతోంది సిస్టర్."

"నిద్ర?"

"పడుతోంది."

నర్సు చేయి పట్టుకుని నాడి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. 

"మెట్లెక్కొచ్చారు కదా, అందుకే. కూర్చోండి."

కూర్చుంది. కుర్చీ అంచుకు తగిలి ఎడమ రాయి టక్కుమంది. నర్సు రాసుకుంటోంది, వినలేదు. ఆ పిల్ల మెడ మీద చెమట, చెవి వెనక దూర్చిన పెన్ను మూత చూస్తుంటే గ్రాములమ్మకు ఉన్నట్టుండి దుఃఖం ముంచుకొచ్చింది. జేబుల్లోంచి రాళ్ళు తీసి బల్ల మీద పెట్టేద్దామనిపించింది. నన్ను చూడమ్మా, నాకు భయంగా ఉందమ్మా అని ఆ చేతులు పట్టుకోవాలనిపించింది. చెయ్యి నడుము దాకా వెళ్ళింది కూడా. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సిస్టర్, మా గోడ మీద చార్టుంది కదా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి. లేనివాళ్ళ చార్టు ఎక్కడ దొరుకుద్ది?"

"వాళ్ళకి చార్టుండదమ్మా. ఒక్కొక్కళ్ళది ఒక్కో రకం. డాక్టర్ గారు చూసి రాయాల్సిందే." నర్సు నవ్వి, కార్డు చేతిలో పెట్టింది. "మీకెందుకు, మీరు ఆరోగ్యవంతులే. చూడండి, రాశాను."

కార్డు మీద నిజంగానే ఆ మాట ఉంది. ఆమె చెయ్యి నడుము మీంచి దిగింది. వెనక నిలబడ్డ గిన్నెలు తోమే మనిషి, "కానివ్వమ్మా" అని విసుక్కుంది.

మధ్యాహ్నమంతా తూకాలతో సరిపోయింది. ముసలివాళ్ళ రొట్టె, పిల్లల గుడ్లు, తల్లుల పాలు. మెట్లు దిగాక రాళ్ళు తీసి పెట్టేద్దామంటే కాటా దగ్గర వంటమాస్టరు పిండి బస్తాలు పేర్చుకుంటున్నాడు. ఆ పని తెమిలేసరికి ఆమె ఇంటికి వెళ్ళే వేళయింది. ఈలోపు బల్ల దగ్గర రెండుసార్లు కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒకసారి చేతిలో గరిటె ఎంతసేపు పట్టుకు నిలబడిందో తెలియలేదు. వంటమాస్టరు వచ్చి మెల్లిగా గరిటె అందుకున్నాడు.

"అక్కా, మొహం పాలిపోయింది. రేపు రాకు."

"రేపు నేను రాకపోతే పిల్లలకి గుడ్డు ముక్కలు చేసి పంచుతావు. నీ సంగతి నాకు తెలీదూ."

"సరిగ్గానే పంచుతాలే."

"కాటా చూసుకోకుండా తూచకు. పొద్దున్నే రాళ్ళు పెట్టి చూడాలి."

చెప్పాక గుర్తొచ్చింది, రాళ్ళు తన నడుముకే ఉన్నాయని. రేపు అందరికన్నా ముందొచ్చి పెట్టేస్తే సరిపోతుందని, ఏప్రాన్ విప్పి వరుసలో చివర ఉన్న తన మేకుకు తగిలించింది. ఒళ్ళు ఒక్కసారిగా తేలికై, తూలి, గోడ పట్టుకుంది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కిటికీ పక్కన ఒక పేము కుర్చీ, అలమారలో చిన్న త్రాసు. మేనకోడలు నడుము మీద చెయ్యేసుకుని తలుపు తీసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే చూసినట్టు అత్త మొహంలోకి చూసింది.

"అత్తా, పరీక్షలో ఏమన్నారు?"

"ఏమంటారు, గుండ్రాయిలా ఉన్నానన్నారు. ఇదుగో కార్డు."

పిల్ల కార్డు రెండుసార్లు చదివింది. కళ్ళు తుడుచుకుంది. "ఎంత భయపడ్డానో తెలుసా! నీ గాజులు మోచేతిదాకా పోతున్నాయి. రాత్రుళ్ళు నీకు తెలీకుండా వచ్చి ఊపిరి చూసిపోతున్నా."

గ్రాములమ్మ గాజులు ముంజేతికి దించుకుంది. అలమార దగ్గరికి వెళ్ళి పిల్ల రాత్రి తిండి తూచింది. రొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు. ఆకుకూర దగ్గర ముల్లు గీత దాటి కొంచెం పైకి వెళ్ళింది. మామూలుగా అయితే వెనక్కి తీసేది. ఇవాళ తియ్యలేదు. పళ్ళెం అందించి పేము కుర్చీలో వాలింది.

"నువ్వో అత్తా?"

"కాసేపాగి. ముందు నువ్వు కానియ్. పాలు చివర్న."

పిల్ల తింటూ కబుర్లు చెప్పింది. కడుపులో వాడు పొద్దుట నుంచి తన్నులే తన్నులని, మొగుడు ఎల్లుండి వస్తానని ఫోన్ చేశాడని, ఆరు నెలలు నిండాక పెట్టే గుజ్జుకు చిన్న వెండి చెంచా కొందామని. అత్త ఊఁ కొడుతోంది. కొంతసేపటికి, "పాలు తాగావా?" అని అడిగింది.

"ఇదుగో, అయిపోయాయి, చూడు." పిల్ల ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది. చిన్నప్పటి నుంచీ అలవాటు. చుక్క రాలకపోతే అత్త తల పంకించి, అప్పుడు లెమ్మనేది.

పిల్ల గ్లాసు అలాగే పట్టుకుని ఉంది. అత్త మొహం ఇటే తిరిగి ఉంది కానీ తల పంకించలేదు. "చూడత్తా" అంది మళ్ళీ. కిటికీలోంచి గాలికి నెరిసిన వెంట్రుకలు కదులుతున్నాయి. ఒళ్ళో చేతులు తెరుచుకునే ఉన్నాయి. పిల్ల లేచి వెళ్ళి, రాత్రుళ్ళు చూసినట్టే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

మర్నాడు పొద్దున్నే కబురు వచ్చేసరికి వంటమాస్టరు కాటా దగ్గర ఉన్నాడు. అక్క చెప్పింది కదా అని రాళ్ళు పెట్టి చూద్దామనుకుంటే రాళ్ళు కనిపించలేదు. బస్తాల వెనక, బల్లల కింద, సామాను గదిలో వెతికాడు. కబురు తెచ్చినవాడు చెప్పిందంతా విని, పిల్లల పాలు పొంగుతుంటే వెళ్ళి పొయ్యి తగ్గించాడు. గుడ్లు లెక్కపెట్టి, ఒక్కటీ ముక్క చెయ్యకుండా పంపించాడు. ఆ వారమంతా కాటా సరిచూడకుండానే తూచారు.

గోడకు వరుసగా మేకులు, మేకులకు ఏప్రాన్లు. తలుపు తెరిచినప్పుడల్లా గాలికి అన్నీ రెపరెపలాడుతున్నాయి. చివరి మేకుది మాత్రం కదలకుండా, నడుము దగ్గర రెండువైపులా కిందికి లాగుతూ, నిటారుగా వేలాడుతోంది.