పొడుగు బిట్

నేను పరుగున వచ్చి ఎర్ర బటన్ కొట్టేసరికే ఉలిలా చెక్కను కోసే బిట్ టేకు పలకను తొలుచుకుని మెషిన్ బల్లలోకి దిగిపోయింది. షెడ్డంతా మాడిన చెక్క వాసన. నా చేతిలో ఇంకా మామయ్యగారు తాగేసిన టీ గ్లాసు ఉంది.

అప్పుడే గేటు దాటి వచ్చిన లైబ్రేరియన్‌గారు పలకను చూసి నిలబడిపోయారు. అది ఆవిడ తండ్రి పడుకున్న మంచం తలాపు చెక్క. చదువుకునే బల్ల చేయించుకుందామని తెచ్చారు. అలాంటిది ఇంకొకటి దొరకదు.

"ఈవిడ చేసిన పని చూడండి మేడమ్," అన్నారు మా ఆయన.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లితే ఎవరినో గిల్లినట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. ఎనిమిది నెలలు పట్టింది నాకు, కంప్యూటర్లో గీసినట్టే చెక్కను చెక్కే ఈ మెషిన్ నేర్చుకోవడానికి. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అందరి బట్టలూ ఆరేశాక, మిగిలిన పొద్దులో. కంప్యూటర్లో గీతలు గీయడం, చెక్క బిగించడం, బిట్ కింద కాగితం ముక్క పెట్టి అది కదలకుండా అయ్యేదాకా బిట్‌ను దించి, అదే జీరో అని మెషిన్‌కి చెప్పడం. మెతుకు పట్టి చూడ్డం లాంటిదేగా, దీనికో చదువా అనేవారు అత్తయ్య. కుర్చీ కుదిరితే వాళ్లబ్బాయి పనితనం, కుదరకపోతే నా చేతగానితనం.

ఇవాళ కూడా జీరో పెట్టాను. స్టార్ట్ నొక్కబోతుంటే మామయ్యగారికి టీ ఇమ్మని అత్తయ్య పిలిచారు. వెళ్లి అయిదు నిమిషాలు కాలేదు, షెడ్డులో మెషిన్ చప్పుడు వినబడింది.

"గరిట తిప్పే చేతికి మెషినెందుకురా అన్నానా లేదా?" గుమ్మంలోంచి అత్తయ్య.

"రేపట్నుంచి షెడ్డులో అడుగు పెట్టకు," అన్నారు ఆయన.

తప్పయిపోయింది అనడానికి నోరు తెరిచాను. అలవాటు. అప్పుడు చూశాను, మెషిన్‌కున్నది పొడుగు బిట్. నేను బిగించిన పొట్టిది స్పానర్ పక్కన పడుంది. బిట్ మారిస్తే జీరో మళ్లీ పెట్టాలి. పెట్టకపోతే పెరిగిన పొడుగంతా చెక్కలోకి దిగుతుంది. లైబ్రేరియన్‌గారు వచ్చేసరికి మెషిన్ తిరుగుతూ కనబడాలని, పొడుగుదైతే త్వరగా అవుతుందని, మా ఆయన తొందర పడ్డట్టున్నారు.

ఆయన చూపూ అక్కడే పడింది. చేతులు తుడుచుకున్న గుడ్డను తీరిగ్గా పొట్టి బిట్ మీద వేశారు.

"నిజంగా నువ్వేనా అమ్మా?" అని లైబ్రేరియన్‌గారు అడిగారు.

గుడ్డ తీసేశాను.

"ఇది నేను బిగించిన బిట్ మేడమ్. దీన్ని విప్పేసి, జీరో పెట్టకుండా స్టార్ట్ నొక్కింది మా ఆయన."