ముందు చక్రం ఆగేదాకా

నేను సైకిళ్ళు బాగుచేస్తాను. మా అక్క కూతురు నా కొట్లోనే పెరిగింది. అందరూ దాన్ని పిడుగు అంటారు. సైకిల్ విన్యాసాల బృందంలో ఒక్క చోటు ఖాళీ అయిందని తెలిసి అర్జీ పెట్టుకుంది. ఏం చేయగలవు అన్న చోట ‘వీలీ’ అని రాసింది.

బృందం నడిపే మాస్టారు అది చదివి పెదవి విరిచాడు.

“ముందు చక్రం నేల వదిలితే చాలు, అందరూ వీలీ అనేస్తారమ్మా. గుంటలో పడి ఎగిరినా వీలీయే, గట్టు మీంచి దూకినా వీలీయే. మా దగ్గర అలా కుదరదు.”

“మరెలా కుదురుతుంది మాస్టారూ?”

“వెనక చక్రం మీదే తొక్కుతూ పోవాలి. గాల్లో ఉన్న ముందు చక్రం తిరిగీ తిరిగీ దానంతటదే ఆగాలి. ఆగాకే దించాలి. అప్పుడు ‘వీలీ’ అన్న మాట నేను పుస్తకంలో రాస్తాను. ముందే దిగిందా, ఇక ఇంటికే. ఒక్కటే అవకాశం.”

వాళ్ళ సైకిళ్ళకు ముందు బ్రేకు ఉండదు. కాలు తగిలించి ఆపడమూ ఒప్పుకోరు.

పరీక్షకు ముందురోజు నేను దాని సైకిల్ విప్పాను. ముందు చక్రానికి కొత్త బేరింగులు వేసి, గ్రీజు పెట్టి, ట్యూబు వాల్వుకు ఎర్ర మూత బిగించాను. తలకిందులుగా నిలబెట్టి ఒక్క తిప్పు తిప్పాను. చేతులు కడుక్కుని వచ్చినా తిరుగుతూనే ఉంది. మురిసిపోయాను.

చేసిన పని ఏమిటో తెల్లారి మైదానంలో నిలబడ్డాక గాని నా బుర్రకెక్కలేదు. అది సిమెంటు నేల, రాత్రి కురిసిన మంచుకు తడిసి ఉంది. చివర గోడ. పాత బేరింగులైతే చక్రం సగం దూరంలోనే ఆగేది.

“ఒసే, ఆగవే! సైకిల్ మారుద్దాం. ఆ చక్రం ఇప్పట్లో ఆగదు. నేనే చెడగొట్టాను.”

“బాగుచేసి చెడగొట్టడం నీకే చెల్లింది మామయ్యా.” నవ్వింది. “అదెంతసేపు తిరిగితే నేనూ అంతసేపే ఉంటాను. పక్కకు జరుగు.”

నాలుగు తొక్కులు తొక్కి హ్యాండిల్ వెనక్కి లాగింది. ముందు చక్రం లేచింది. సగం దూరం దాటింది. చక్రంలో ఊచలు కనబడటం లేదు, తెల్లటి పొగలా ఉంది. గోడ దగ్గరపడింది. ఒంటి చక్రం మీద మలుపు తిరగడం దానికి వచ్చని నాకు తెలియదు. బహుశా దానికీ తెలియదు. ఒక భుజం వంచింది. సైకిలూ దానితోపాటు వంగి, గోడను ఒరుసుకున్నట్టే తిరిగి, మా వైపుకు వచ్చింది.

మాస్టారి చేతిలో కలం కిందపడింది. వంగి తీసుకోలేదు.

మా ముందు మళ్ళీ తిరిగింది. ఈసారి గోడ దాకా పోకుండా సగంలోనే మలుపు తీసుకుని మళ్ళీ వచ్చింది. ఊచలు ఒక్కొక్కటే కనబడసాగాయి. ఎర్ర మూత పైకెక్కలేక వెనక్కి జారింది. ఇటు ఊగింది, అటు ఊగింది, అడుగున నిలిచింది. అంత వేగంగా వస్తున్న సైకిల్ మీద ఆ చక్రం ఒక్కటే కదలకుండా ఉంది.

అప్పుడు దించింది. చప్పుడు కాలేదు.

మాస్టారు కలం వెతుక్కుని, పుస్తకం తెరిచి, ఆ మాట రాశాడు. “ఈ చక్రం బిగించిందెవరు?”

“మా మామయ్య.”

“మన బండ్లు మాత్రం ఆయన చేతికి ఇవ్వకండిరా,” అన్నాడు తన వాళ్ళతో.

అందరూ నవ్వారు. నేను గోడ దాకా నడిచి వెళ్ళాను. సైకిల్ మలుపు తిరిగితే నేల మీద ముందు చక్రానిదొకటి, వెనక చక్రానిదొకటి, రెండు గీతలు పడతాయి. తడి సిమెంటు మీద ఒక్కటే ఉంది.